కింద పడని చెయ్యి

"గంట తిప్పింది నేనే. ముప్పై నాలుగేళ్లుగా తిప్పుతున్నది నేనే. ఎన్నిసార్లు చెప్పించుకుంటారమ్మా?"

అరగంటలో సెవెరో ఆ మాట అనడం అది ఐదోసారి. అరవై ఒక్క ఏళ్ల మనిషి, శాన్ ఎలియాస్ చర్చిలో పెద్ద గంటని పల్టీలు తిప్పి మోగించేవాడు. నిన్న మధ్యాహ్నం పన్నెండింటికి ఆ చర్చి గోపురం మీద గంట తగిలి రుఫినో తల పగిలింది. అలాంటప్పుడు గంట తిప్పింది నేనేనని చెప్పడమంటే హత్య నెత్తిన వేసుకోవడమే. ముసలాయనకి ఆ సంగతి తెలుసు, అయినా చెబుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోతోంది.

నా పేరు ఒతీలియా. అనుమానం ఉన్న చావుల్లో శవాన్నీ మనుషుల్నీ చూసి నిజం చెప్పడానికి ప్రభుత్వం జీతమిచ్చే డాక్టర్ని. అంతకుముందు పద్నాలుగేళ్లు ఆసుపత్రిలో భుజాలకే వైద్యం చేశాను. ఈ గదిలో నా మాటకి విలువేమైనా ఉంటే అది ఆ పద్నాలుగేళ్ల వల్లే. పోలీసు కమాండర్ బారియెంతోస్ దృష్టిలో మాత్రం అదీ లేదు.

"విన్నారుగా డాక్టర్‌గారూ? మనిషి తనే ఒప్పుకుంటుంటే మధ్యలో మీకెందుకీ దురద?" అన్నాడు బారియెంతోస్, కిటికీ దగ్గర నిలబడి చేతి గడియారం చూసుకుంటూ. "ఐదింటికి జైలు బండి వస్తుంది. ఎక్కిస్తాను. కేసు అయిపోయింది."

"ఎందుకు చంపినట్టు?"

"రుఫినో ఈ ఏడాది చర్చి పండగ పెద్ద, ఖర్చులన్నీ వాడి చేతిలోనే. గంటకి కరెంటు మోటారు పెట్టిస్తా, ముసలాణ్ణి ఇంటికి పంపిస్తా అన్నాడు. పోయిన ఆదివారం చర్చి ముందే ఇద్దరూ కొట్టుకోబోయారు. నిన్న పన్నెండుకి పది నిమిషాల ముందు రుఫినో మోటారుకి కొలతలు తీసుకోవడానికి పైకెక్కాడు, రొట్టెలమ్మే ఆవిడ చూసింది. పన్నెండుకి గంట తిరిగింది, ఊరంతా విన్నది. పన్నెండూ ఇరవైకి శవం. ఇంకేం కావాలి మీకు?"

నేను కిటికీలోంచి కిందికి చూశాను. మేమున్నది పురపాలక భవనం పై అంతస్తులో. కింద మైదానంలో ముప్పై మందికి పైగా జనం ఉన్నారు. ఎవరూ అరవడం లేదు, తిట్టడం లేదు. ఊరికే నిలబడి మా తలుపు వైపు చూస్తున్నారు. నాకు భయం వేసింది అందుకే.

పోయిన ఏడాది పక్క లోయలో ఒక ఊళ్లో ఎవరో వేళగాని వేళ చర్చి గంట మోగించారు. అలా మోగిస్తే ఊరు మీద ఆపద వచ్చిందని అర్థం, అందరూ చేతికందింది పట్టుకుని రావాల్సిందే. ఇరవై నిమిషాల్లో నాలుగొందల మంది వచ్చారు. లాకప్ తలుపు బద్దలు కొట్టి, దొంగతనం అనుమానంతో పట్టుకున్న ఇద్దరు మనుషుల్ని బయటికి లాగారు. ఆ ఇద్దరికీ దాంతో ఏ సంబంధమూ లేదని తరవాత తేలింది. వాళ్ల పోస్టుమార్టం చేసింది నేనే.

సెవెరో భార్య హసింతా మట్టి కప్పులో బెల్లం కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. అతను ఎడంచేత్తో అందుకున్నాడు. నుదుటి మీద చెమట తుడుచుకోవడానికి కుడిచెయ్యి ఎత్తబోయాడు. చేతికంటే ముందు భుజం చెవి దాకా లేచింది. చెయ్యి మాత్రం రొమ్ము దగ్గరే ఆగిపోయింది. అతను అది మాకు కనబడకూడదని తల కిందికి వంచి తుడుచుకున్నాడు.

పద్నాలుగేళ్లలో ఆ కదలిక ఎన్ని వందలసార్లు చూశానో!

"చొక్కా విప్పు పెద్దాయనా."

"ఎందుకు?"

"నేను చూడాలి."

"నాకేం రోగం లేదు. విప్పను."

మొండికేశాడు. నేను హసింతా వైపు చూశాను. ఆవిడ మొగుడి కళ్లలోకి చూడకుండా బొత్తాలు తీసింది. ముందు ఎడమ చెయ్యి విడిపించి, తరవాత చంటిపిల్లాడికి తీసినట్టు కుడిచేతి మీదుగా చొక్కా కిందికి జార్చింది. కుడిచేతిని ఒక్క అంగుళం కూడా కదలనివ్వలేదు.

"ఇలా తియ్యడం ఎప్పట్నించి అలవాటమ్మా?" అన్నాను.

"ఫిబ్రవరి నుంచి," అందావిడ. సెవెరో పళ్లు నూరాడు.

వెనక్కి వెళ్లి చూశాను. కుడి రెక్క ఎముక మీద ఉండే గట్టుకి పైనా కిందా గుంటలు పడ్డాయి. నా బొటనవేలు సగం దిగింది. ఎడమవైపు నిండుగా, రాయిలా ఉంది కండ.

"కమాండర్, ఇటు రండి. వేలు పెట్టి చూడండి."

"నేనెందుకు పెట్టాలి? వేషాలు వేస్తున్నాడు వీడు."

"ఏడుపు నటించొచ్చు, కుంటుడు నటించొచ్చు. కండ కరిగించుకోవడం ఎవడి తరమూ కాదు. భుజం బంతిని దాని చిప్పలో పట్టి ఉంచేవి నాలుగు చిన్న కండరాలు. వాటి కొసలు కలిసి బంతి మీద టోపీలా కప్పుకుని ఉంటాయి. రొటేటర్ కఫ్ అంటాం. అది చిరిగి నెలల తరబడి అలాగే వదిలేస్తే కండ ఇలా ఎండిపోతుంది."

సెవెరో కుడి మోచేతి కింద చెయ్యి వేసి మెల్లగా పైకి ఎత్తాను. చెవి పక్కదాకా హాయిగా వచ్చింది. కీలు బిగుసుకుపోలేదన్నమాట. అక్కణ్ణించి భుజం ఎత్తుకి దించి పక్కకి చాపి ఉంచాను.

"ఇప్పుడు వదులుతాను. నువ్వు నెమ్మదిగా కిందికి దించు."

వదిలాను. చెయ్యి దబ్బున పడింది. కాఫీ కప్పు బల్ల మీంచి ఎగిరి నేల మీద పగిలింది. సెవెరో ఎడంచేత్తో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అది నొప్పి ఏడుపు కాదు.

"ఎక్కడ నొప్పి?" అన్నాను.

అతను అరచెయ్యి మొత్తం జబ్బ బయటివైపు పరిచి చూపించాడు. చిరిగేది పైన, నొప్పి తెలిసేది కిందికి జబ్బ మీద. నిజంగా అనుభవించినవాళ్లందరూ అలాగే చూపిస్తారు.

"రాత్రిళ్లు ఆ పక్కకి పడుకోలేడమ్మా. కూర్చునే నిద్రపోతాడు," అంది హసింతా. "ఎముకలు సర్దే ఆయన రెండుసార్లు లాగాడు. లాగినప్పుడల్లా ఇంకా పాడైంది."

"అది లాగితే అతికేది కాదు తల్లీ! ఫిబ్రవరిలోనే నా దగ్గరికి వచ్చి ఉంటే చెయ్యి పైకెత్తే పని మాన్పించి, వ్యాయామాలు నేర్పించి, అవసరమైతే ఒక ఇంజక్షన్‌తో మూడు నెలల్లో దారికి తెచ్చేదాన్నేమో. ఇప్పుడు స్కానింగ్ తీసి, కుట్టగలిగేంత మిగిలిందో లేదో చూడాలి. ఎందుకు దాచావయ్యా?"

"గంట తిప్పలేనివాడి దగ్గర తాళాలు ఉంచరు," అన్నాడు సెవెరో. "వాడు చచ్చినప్పుడు వాడి కోసం గంట తిప్పరు. మా నాయనకి ముప్పై మూడు పల్టీలు తిప్పాను నేను. నన్ను కుక్కని పూడ్చినట్టు పూడుస్తారా? జైలుకైనా పోతాను గానీ ఈ మాట గది దాటనివ్వకండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

"మరి ఇన్నాళ్లూ తిప్పిందెవరు?"

హసింతా చెప్పేసింది. "ఎవోదియో. రుఫినోకి బావమరిది. ఈయన గంటకి ముందూ తరవాతా కింద మెట్ల తలుపు దగ్గర జనానికి కనబడతాడు, ఎవోదియో పైన తిప్పుతాడు. ఊరు ఈయనే అనుకుంటుంది."

"కానీ వాడు కాదు," అన్నాడు సెవెరో గబగబా. "వాడు ఆరు రోజుల కింద నిచ్చెన మీంచి పడ్డాడు. వాడి భుజం కూడా పోయింది, పాపం కట్టుతో తిరుగుతున్నాడు. గంట వారానికోసారే తిప్పుతాం. నిన్న తిప్పేవాళ్లు ఎవరూ లేరని నేను ఇంట్లో వేడి ఉప్పు మూట కాపడం పెట్టుకుని పడుకున్నాను. పన్నెండుకి గంట తిరిగింది. విని చచ్చేంత భయపడ్డానమ్మా. ఎవరు తిప్పారో నాకిప్పటికీ తెలీదు."

బారియెంతోస్ చప్పట్లు కొట్టాడు. "భలే కథ! కుడిచెయ్యి పోతే ఎడంచేత్తో తిప్పాడు. అంతే."

"తిప్పగలడో లేదో పైకెళ్లి చూసొస్తాను. నలభై నిమిషాలు ఆగండి."

"బండి ఆగదు."

"సరే, బండి ఎక్కించండి. చిరిగిపోయిన భుజంతో అంత బరువైన గంట తిప్పినవాణ్ణి పట్టుకున్నానని రేపు జడ్జి ముందు మీరే చెప్పండి. నా రిపోర్టు నేనూ చదువుతాను."

అతను నన్ను కొట్టేలా చూశాడు. ఆపాలని మాత్రం చూడలేదు.

చర్చి గోపురం మెట్ల తలుపు తాళం తీసింది ఎవోదియోనే. సెవెరోని పట్టుకెళ్లాక తాళంచెవి అతని దగ్గరే ఉంది. నలభై లోపు వయసు, నెమ్మదైన మనిషి, కుడిచెయ్యి తెల్లగుడ్డతో మెడకి వేలాడేసి ఉంది. కింద కాపలాకి నబోర్ అనే కానిస్టేబుల్‌ని నిలబెట్టాను. టైము నాలుగుంపావు. ఎనభై నాలుగు మెట్లు. ఎత్తంటే నాకు చచ్చేంత భయం. గోడ పట్టుకుని ఎక్కాను.

పైన గంట పేరు రోసా. తాడు కట్టి లాగే గంట కాదు. ఇరుసు మీద తలకిందులుగా పల్టీలు కొడుతుంది. దానికి బరువు సరితూగడానికి పైన పెద్ద చెక్క దిమ్మ ఉంటుంది. ఆ దిమ్మని తలపైకి నెట్టి తిప్పాలి. దాని ముందు, గంట నోటికి ఎదురుగా నేల మీద మరక ఇంకా నల్లగా ఉంది. రుఫినో అక్కడ గంటకి వీపు పెట్టి కొలతలు తీసుకుంటూ ఉండి ఉంటాడు.

తిప్పేవాడు నిలబడే చోట నిలబడ్డాను. ఎడమవైపు గోడ ఒంటికి రాసుకుంటోంది. ఎడమ మోచెయ్యి బయటికి తెరుచుకోవడానికి చోటే లేదు. ఒక్క ఎడంచేత్తో ఇక్కణ్ణించి ఈ దిమ్మని ఎవడూ తిప్పలేడు. దిమ్మ మీద వారం రోజుల పావురాల రెట్ట, దుమ్ము పేరుకుని ఉన్నాయి. ఆ దుమ్ములో నా తలకంటే ఎత్తున పక్కపక్కన రెండు అరచేతుల తాజా గుర్తులు పడి ఉన్నాయి. రెండు చేతులూ తలపైకెత్తి, బలంగా, మళ్లీ మళ్లీ నెట్టిన గుర్తులు.

ఇంకో సంగతి తట్టింది. మొదటి పల్టీకే రుఫినో పడిపోయి ఉంటాడు. కానీ ఊరు విన్నది రివాజు ప్రకారం పన్నెండు పల్టీలు. అంటే మనిషి కాళ్ల ముందు పడి ఉండగా, మిగతా పదకొండూ లెక్కపెట్టుకుంటూ తిప్పారెవరో.

"అయిందా డాక్టరమ్మగారూ?" అన్నాడు ఎవోదియో వెనకనుంచి. మెట్లకి అడ్డంగా నిలబడ్డాడు.

"అయింది. నీ భుజం ఎలా ఉంది? సెవెరో చెప్పాడు."

"చంపేస్తోందండీ." ఎడంచేతి చూపుడువేలితో భుజం పైకొస మీద గుచ్చి చూపించాడు. "ఇదిగో, సరిగ్గా ఇక్కడ."

నేను అప్పుడే నోరు మూసుకుని దిగిపోవాల్సింది. కానీ పద్నాలుగేళ్ల చెయ్యి ఊరుకోదు.

"ఏదీ, చూడనీ. దుడుకుగా లాగనులే."

కట్టు విప్పాను. చెయ్యి ఎత్తబోతే బిగబట్టాడు. పక్కకన్నా, ముందుకన్నా, వెనక్కన్నా ఒకటే మూలుగు. ఆరు రోజుల నాడు చిరిగిన భుజాన్ని, ఒళ్లు వదులు చేయించి ఇంకొకరు మెల్లగా ఎత్తితే చాలావరకు లేస్తుంది. ఇలా అన్ని వైపులా బిగుసుకుపోవడం నెలల తరబడి పట్టేసిన భుజం లక్షణం. సెవెరోని చూసి నేర్చుకున్నాడు, కానీ సగమే నేర్చుకున్నాడు. నొప్పి చోటు కూడా తప్పు చెప్పాడు.

అతని ధ్యాస మళ్లించడానికి అడిగాను. "మీ చెల్లెలు ఎలా ఉంది? పొద్దున రుఫినో శవం దగ్గర చూశాను. జబ్బల మీద పాత దెబ్బలున్నాయి, పచ్చబడ్డవి."

"నిన్న మధ్యాహ్నం పడుకుని సాయంత్రం దాకా లేవలేదండీ. రెండేళ్ల తరవాత అది భయం లేకుండా నిద్రపోవడం అదే," అన్నాడు. గొంతు మారింది. ఒళ్లు బిగబట్టడం మర్చిపోయాడు. చెయ్యి నా చేతిలో భుజం ఎత్తు దాకా తేలిగ్గా లేచింది.

వదిలేశాను.

చెయ్యి పడలేదు. గాల్లో అలాగే చాచి నిలబడింది. అతను దాన్ని చూశాడు, నేనూ చూశాను. తరవాత దాన్ని చాలా నెమ్మదిగా, నొప్పున్నవాడిలా మొహం పెట్టి దించుకున్నాడు. కానీ కళ్లు నా మొహం మీంచి తియ్యలేదు.

నా వెనక మోకాలెత్తు పిట్టగోడ, ఆ వెనక ఖాళీ.

"ఏమైందండీ నా భుజానికి?" అన్నాడు మెల్లగా.

"బెణికింది. పదిరోజులు కట్టు తియ్యకు."

అతను ఒక అడుగు ముందుకేశాడు. "నిజంగానా డాక్టరమ్మగారూ?"

"డాక్టరమ్మా! కమాండర్‌గారు కేకలేస్తున్నారు, రమ్మంటున్నారు!" కిందినుంచి నబోర్ అరిచాడు. జీవితంలో ఆ కమాండర్ మీద ప్రేమ పుట్టడం అదే మొదటిసారి.

ఎవోదియో పక్కకి జరిగాడు. "మీరు పదండి. నేను తాళం వేసుకుని వస్తాను."

నేను ఆ చీకటి మెట్ల మీద వీపు గోడకి రాసుకుంటూ, పైకే చూస్తూ దిగాను. ఎక్కడ అడుగు వేశానో గుర్తులేదు. కింద వెలుతురులోకి వచ్చి నబోర్ భుజం పట్టుకున్నాక గానీ ఊపిరి ఆడలేదు. ఆ కంగారులో అతన్ని పైనే వదిలేశాను, తాళంచెవితో సహా. నేను చేసిన తప్పు అది.

నాలుగూ యాభైకి బారియెంతోస్ ముందు నిలబడి అంతా చెప్పాను. అతను పకపకా నవ్వాడు.

"చెయ్యి పడితే ఒకడు నిర్దోషి, పడకపోతే ఒకడు హంతకుడు. ఇదేనా మీ సాక్ష్యం?"

"అరచేతుల గుర్తులున్నాయి. కొలిపించండి. ముందు ఎవోదియోని పట్టుకోండి, వాడికి నా అనుమానం తెలిసిపోయింది."

"చెల్లెలి మొగుడు చచ్చి ఏడుస్తున్నవాణ్ణి, కట్టు కట్టుకున్నవాణ్ణి పట్టుకోమంటారు! బయట జనం నన్ను..."

గంట మోగింది.

పన్నెండు పల్టీల నెమ్మది కాదు అది. ఆగకుండా, ఊపిరి తిప్పుకోకుండా, ఒకదాని మీదొకటి. సెవెరో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఊరిని పిలుస్తున్నారు," అన్నాడు. "నా కోసం." ముసలాయన్ని ఊరే చంపేస్తే ఇక ఎవోదియో భుజం గురించి అడిగేవాడుండడు.

కిటికీలోంచి చూశాను. నాలుగు వీధుల్లోంచీ జనం పరిగెత్తుకొస్తున్నారు. కొందరి చేతుల్లో కర్రలు, పారలు. ఒకతని చేతిలో పెట్రోలు డబ్బా ఉంది. "సెవెరోని బయటికి తెండి!" అని మొదటి అరుపు వినబడింది. కింద తలుపు దగ్గర మా కానిస్టేబుళ్లు ముగ్గురే. బారియెంతోస్ పిస్తోలు తీశాడు.

"అది లోపల పెట్టండి! ఒక్కటి పేలిందంటే మనందర్నీ చీల్చేస్తారు."

"అయితే ఏం చెయ్యమంటావ్? చెప్పు!" అని అరిచాడు. గారూ గీరూ పోయింది.

నేను సెవెరో వైపు తిరిగాను. "పెద్దాయనా, నువ్వు ఇక్కడున్నావు, గంట అక్కడ తిరుగుతోంది. ఆ మాట వాళ్ల కళ్లకి చూపించాలి. బాల్కనీలోకి రా. చొక్కా లేకుండా."

అతనికి అర్థమైంది. "అందరి ముందరా?"

"అందరి ముందరా."

"నా కోసం గంట తిప్పరు."

"ముందు బతుకయ్యా మహానుభావా!" హసింతా ఏడుస్తూ మొగుడి వీపు మీద కొట్టింది. "బతుకు!"

బాల్కనీ తలుపు తీసింది నేనే. ఒక రాయి వచ్చి గోడకి తగిలింది. సెవెరో కమ్మీల దాకా నడిచాడు. ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, కుడిచేతిని తల ఎత్తుకి లేపాడు. అందరూ చూసేదాకా ఆగాడు. తరవాత వదిలేశాడు.

ముందు వరుసల్లో అరుపు తెగిపోయింది. వెనక్కి తిరిగి, ఎండిపోయిన రెక్క చూపించి, మళ్లీ ఎత్తి మళ్లీ వదిలాడు. ఇటుకలు మోసేవాళ్లు, సున్నం వేసేవాళ్లు, తలపైకి చేతులెత్తి బతికేవాళ్లు సగం మంది ఉన్నారు ఆ జనంలో. ఆ చెయ్యి ఎందుకు పడిందో వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. ఒక ముసలామె శిలువ గుర్తు వేసుకుంది. నిశ్శబ్దం వెనక వరుసల దాకా పాకింది.

ఆ నిశ్శబ్దంలో గంట ఇంకా మోగుతూనే ఉంది.

మొదట ఒకడు తల తిప్పాడు. తరవాత పదిమంది. చివరికి మైదానమంతా మాకు వీపు పెట్టి గోపురం వైపు చూసింది. పైన చెక్క దిమ్మ తిరుగుతోంది. దాని పక్కన రెండు చేతులు లేస్తున్నాయి, పడుతున్నాయి. గోపురం పిట్టగోడ మీంచి తెల్లటి కట్టు గుడ్డ ఒకటి వేలాడుతోంది.

"ఎవోదియో!" అన్నారెవరో. అరుపు కాదు, మామూలు గొంతే.

గంట ఆగిపోయింది. కింద ఏం జరిగిందో అతను కూడా చూసి ఉంటాడు.

జనం కదిలారు. కర్రలు, పారలు, పెట్రోలు డబ్బా, అన్నీ మా తలుపు వదిలి చర్చి వైపు తిరిగాయి. ఒక ఆడమనిషి మాత్రం అందరికంటే ముందు చేతులు చాచి, "వద్దు, వద్దు, వాడు నా అన్న" అని అరుస్తూ పరిగెత్తుతోంది. ఆమె జబ్బల మీద పచ్చటి మచ్చలు నాకు ఇక్కడికి కూడా కనబడుతున్నట్టే అనిపించింది.

"ఆ గోపురం మెట్ల తలుపుకి లోపల గడియ ఉందా?" అని అడిగాను.

సెవెరో చొక్కా కోసం వెతుక్కుంటూ తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. గంట కొట్టేవాడు ఎవరికి భయపడతాడని?"

బారియెంతోస్ అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. నేనూ అతని వెనకే పరిగెత్తాను. పొద్దుట్నించీ ఒక అమాయకుణ్ణి కాపాడాలనుకున్నాను. ఇప్పుడు ఆ హంతకుణ్ణి బతికించాలి, అదీ నేనే చూపించిన నిజం నుంచి.